రఫ్ నోటు చివరి పేజీలో అంకెలు

ఈ పేజీలో ఇంతవరకూ పిల్లల చదువుల గురించి, సెల్‌ఫోన్ల గురించి, టిఫిన్ బాక్సుల గురించి తోటి తల్లిదండ్రులు రాసినవి చదువుతూ వచ్చాను. నేను ఒక మాత్ర గురించి రాస్తున్నాను. అది నేను వేసుకున్న మాత్ర. దాన్ని నేను దాచిపెట్టినందుకు మా పాప పడిన బాధ చూశాక, నలుగురికీ చెప్పాలనిపించింది.

మాది తెనాలి. మా వారికి ఎరువుల కొట్టు ఉంది, కొట్టు లెక్కలు నేను చూస్తాను. బాబు ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటున్నాడు. పాప పోయిన ఏడాది మన స్కూల్లోనే పదో తరగతి.

వినాయక చవితి వెళ్ళిన వారానికి నాకు నడుము కుడివైపు మంట మొదలైంది. రెండో రోజుకి వెన్ను నుంచి బొడ్డు దాకా ఒక పట్టీలాగా నీళ్ళ పొక్కులు లేచాయి. మా అత్తయ్యగారు చూడగానే "ఇది సర్పి" అన్నారు. ఎర్రమన్ను పూయించారు. తెలిసిన వైద్యమే కదా అని నేనూ ఊరుకున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి అయిదు రోజులైంది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" అని. పోసింది. ఆ వైరస్సే ఒంట్లో నరాల దగ్గర ఏళ్ళ తరబడి అణిగి ఉండి, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు ఇలా లేస్తుందట. పొక్కులు కనిపించిన మూడు రోజుల్లోపే మందు మొదలుపెడితే ఎక్కువ ఫలితం ఉంటుందని అప్పుడు తెలిసింది.

మూడు వారాలకి పొక్కులు ఎండి రాలిపోయాయి. నొప్పి మాత్రం పోలేదు. పైకి మచ్చలు తప్ప ఏమీ కనిపించవు. లోపల కారం రాసినట్టు మంట, మధ్యమధ్యలో కరెంటు షాకు కొట్టినట్టు ఒక పోటు. లంగా బొందు తగిలితే ప్రాణం పోయినట్టుండేది. ఫ్యాను గాలి తగిలినా ఓర్చుకోలేకపోయేదాన్ని. రాత్రి పదింటికి పడుకుంటే పన్నెండున్నరకి మెలకువ వచ్చేది. ఇక అంతే, పాలవాడి హారన్ వినిపించేదాకా హాల్లో కూర్చునేదాన్ని. కొట్టు లెక్కల్లో తప్పులు రావడం మొదలైంది. ఇంట్లో నోరు లేచింది. స్లిప్ టెస్టులో రెండు మార్కులు తగ్గాయని పాపని ఎన్నిసార్లు కసిరానో లెక్కలేదు. "పదో తరగతి, గుర్తుందా?" అనేది నా నోట్లో ఊతపదమైపోయింది.

మామూలు నొప్పి మాత్రలు మింగి మింగి కడుపులో మంట తెచ్చుకున్నాను గానీ నడుము మంట తగ్గలేదు. నాలుగు నెలలు గడిచి, సంక్రాంతి వెళ్ళాక గుంటూరులో నరాల డాక్టరుగారికి చూపించుకున్నాను. ఆమె చాలా ఓపిగ్గా చెప్పారు. "గాయం మానిందమ్మా. కానీ కబురు మోసే నరం దెబ్బతింది. పైతొడుగు కాలిపోయిన వైరు లాంటిది. ఏమీ తగలకపోయినా తగిలినట్టు మెదడుకి కబురు పంపుతుంది. దానికి మామూలు నొప్పి మాత్ర పెద్దగా పనిచేయదు." గుండె జబ్బు ఉందా, కంట్లో నీటికాసులు ఉన్నాయా, ఇంకేం మందులు వాడుతున్నారు అని అడిగారు. ఈసీజీ తీయించారు. చివరికి రాత్రి పూట వేసుకోమని పది మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ మాత్ర రాశారు.

"ఇది డిప్రెషన్‌కి కూడా వాడే మందే. మీకు రాసింది నరం నొప్పికి. దీంతో నిద్ర కూడా పడుతుంది. రెండు మూడు వారాలు ఓపిక పట్టండి," అన్నారు. నేను తలూపాను. ఆమె అన్న మాటల్లో నాకు వినిపించింది డిప్రెషన్ అన్న ఒక్క ముక్కే.

మందుల షాపులో ఆ కుర్రాడు చీటీ చూసి, పక్కన నలుగురు నిలబడి ఉండగా, "ఎవరికండీ ఇది? మెంటల్‌కి వాడతారు," అన్నాడు. ఆ నలుగురిలో మా వీధావిడ ఒకావిడ ఉంది. "మా చుట్టాలావిడకి," అనేసి బయటపడ్డాను. ఆ మాత్రలు నాలుగు రోజులు హ్యాండుబ్యాగులోనే ఉన్నాయి. అయిదో రోజు రాత్రి నొప్పి భరించలేక ఒకటి వేసుకున్నాను. తర్వాత ఆ స్ట్రిప్పులు ఒక పాత హార్లిక్స్ సీసాలో వేసి, వంటింట్లో కందిపప్పు డబ్బా వెనకాల పెట్టాను. మా వారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు వేసుకుంటూ ఉండగా పాప చూసి "ఏంటమ్మా అది?" అంది. "బీ కాంప్లెక్స్," అన్నాను.

మొదటి వారం పొద్దున పూట మత్తుమత్తుగా ఉండేది. నోరు పిడచగట్టుకుపోయేది. రాత్రి పదింటికి వేసుకుంటున్నానని ఫోన్లో చెబితే, ఎనిమిదింటికే వేసుకోమన్నారు. దాంతో పొద్దుటి మత్తు చాలావరకు తగ్గింది. మూడో వారంలో ఒకరోజు పాలవాడి హారన్‌కి మెలకువ వచ్చింది. అతను వచ్చేదాకా నేను నిద్రపోయానని అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. మంచం మీద కూర్చుని ఏడ్చాను. అయిదు నెలల్లో మొదటిసారి తెల్లారేదాకా నిద్రపోయాను.

నేను కోలుకుంటున్న ఆ రోజుల్లోనే పాప మారింది. ఆ మార్పు చూసి నేను సంతోషపడ్డాను కూడా. వంకాయ కూర వండితే మారుమాట లేకుండా తింది. టీవీ అడగలేదు. తలుపులు చప్పుడు కాకుండా వేసేది. నేను గట్టిగా మాట్లాడితే ఎదురు చెప్పడం మానేసింది. పరీక్షలు దగ్గరికొచ్చాయి, బాధ్యత తెలిసింది అనుకున్నాను. మా ఆయనతో అంటే ఆయన కూడా సంబరపడ్డారు.

ఫిబ్రవరి చివర్లో క్లాస్ టీచరు ఫోన్ చేశారు. "పాప క్లాసులో అసలు మాట్లాడట్లేదండీ. రెండు స్లిప్ టెస్టుల పేపర్ల మీద మీ సంతకం లేదు. అడిగితే మర్చిపోయానంటోంది. ఇంట్లో అంతా బాగానే ఉందా?" అన్నారు. ఆ టీచరుగారికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఆవిడ ముందు మార్కుల సంగతి ఎత్తలేదు. ఇంటి సంగతి అడిగారు.

ఆ పేపర్ల కోసం పాప బ్యాగు వెతికాను. పేపర్లు లెక్కల రఫ్ నోటులో దొరికాయి. ఆ నోటు చివరి పేజీలో పెన్సిల్‌తో నిలువుగా అంకెలు రాసి ఉన్నాయి. 10, 9, 8, 7, 6, 5, 4, 3, 2, 1. మళ్ళీ పది నుంచి మొదలు. రెండో వరసలో 10, 9, 8, 6. ఆ ఆరు చుట్టూ రెండు మూడుసార్లు సున్నా చుట్టి ఉంది. పక్కన ఒక తేదీ. పరీక్షలకి ఎన్ని రోజులున్నాయో రాసుకుందేమో అనుకున్నాను. కానీ పది నుంచి మళ్ళీ పదికి ఎందుకు వస్తుంది? అప్పుడు తేదీ చూశాను. డాక్టరుగారు మోతాదు పెంచి, రాత్రికి రెండు మాత్రలు వేసుకోమన్న రోజది. ఆ మర్నాడే పాప కడుపునొప్పి అని స్కూలు మానేసి, రోజంతా నా కొంగు పట్టుకుని తిరిగింది.

అది నా మాత్రల లెక్క.

సాయంత్రం పాప రాగానే నోటు ముందు పెట్టాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక్కసారిగా చెప్పేసింది. నువ్వుల ఉండల డబ్బా కోసం వెతుకుతుంటే సీసా దొరికిందట. బీ కాంప్లెక్స్ సీసా దాచుకోవాల్సిన పనేముంది అని మాత్ర పేరు ఫోన్లో కొట్టి చూసిందట. డిప్రెషన్ మందు అని ఉంది. ఎక్కువ వేసుకుంటే ప్రాణానికి ప్రమాదం అని కూడా ఉంది. "నావల్లే నీకు డిప్రెషన్ వచ్చిందనుకున్నా. మార్కుల గురించి రోజూ ఏడిపిస్తున్నా కదా నిన్ను. రోజూ ఒక్కటే తగ్గుతోందా లేదా అని చూసేదాన్ని. ఆ రోజు రెండు తగ్గాయి," అంది. పదిహేనేళ్ళ పిల్ల మూడు వారాలపాటు రోజూ పొద్దున్నే లేచి, అందరికంటే ముందు వంటింట్లోకి వెళ్ళి, మాత్రలు లెక్కబెట్టింది. నేను బాధ్యత అనుకున్నది భయం.

నేను పాపని దగ్గరికి తీసుకుని, "ఇది డిప్రెషన్‌కి కాదే. ఒట్టు. నాకు డిప్రెషనూ లేదు, ఏమీ లేదు. ఇది నొప్పికి," అన్నాను. అన్న తీరు నాకే గుర్తుంది. దొంగతనం అంటగడితే కాదని చెప్పుకుంటున్నట్టు అన్నాను.

పాప కళ్ళు తుడుచుకుని, "అంత కంగారు పడతావేంటమ్మా? డిప్రెషన్ అయితే మాత్రం తప్పా? రేపు నాకు అలా ఉంటే నీకు చెప్పాలా, నేను కూడా దాచుకోవాలా?" అంది.

నా దగ్గర వెంటనే జవాబు లేదు. మందుల షాపులో "మా చుట్టాలావిడకి" అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాటతో నేను ఇంట్లో పిల్లలకి ఏం నేర్పించానో అప్పుడు తెలిసింది. ఒంటికి జబ్బు చేస్తే సర్పి అని ఇంటిల్లిపాదికీ చెప్పాను, మనసు పేరు తగిలిన మందుని మాత్రం పప్పు డబ్బా వెనకాల దాచాను. చివరికి, "చెప్పాలి. అందరికంటే ముందు నాకే చెప్పాలి. నేను కసరను," అన్నాను. ఆ చివరి మాట నిలబెట్టుకోవడం కష్టంగానే ఉంది, కానీ ప్రయత్నిస్తున్నాను.

తర్వాతిసారి డాక్టరుగారి దగ్గరికి పాపని కూడా తీసుకెళ్ళాను. రఫ్ నోటులో ప్రశ్నలు రాసుకొచ్చింది. అవన్నీ నేను అడగాల్సినవే. డాక్టరుగారు పాపకే చెప్పారు, నేను పక్కన కూర్చుని విన్నాను. వాటిని ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇది రాసే ముందు నలుగురైదుగురితో మాట్లాడితే ముగ్గురి ఇళ్ళలో ఇలాంటి మాత్ర ఏదో ఒకటి ఉందని తెలిసింది.

డిప్రెషన్ మందు నొప్పికి ఎలా పనిచేస్తుంది? డాక్టరుగారు మా అత్తయ్యగారి మాత్రనే ఉదాహరణగా తీసుకున్నారు. ఆస్పిరిన్ ఒకప్పుడు జ్వరానికీ తలనొప్పికీ వేసుకునేవాళ్ళు. అదే ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములు మా అత్తయ్యగారు గుండె కోసం రోజూ వేసుకుంటారు. మందు ఒకటే, మోతాదు వేరు, పని వేరు. అమిట్రిప్టిలిన్ కూడా అంతే. అమెరికాలో 1961లో డిప్రెషన్ మందుగా అనుమతి వచ్చింది. డిప్రెషన్‌కి సాధారణంగా 75 నుంచి 150 మిల్లీగ్రాముల దాకా వాడతారు. నరాల నొప్పికీ, తరచూ వచ్చే మైగ్రేన్‌ని ఆపడానికీ పది మిల్లీగ్రాములతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతారు. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగి, నొప్పి కబుర్లని అదుపుచేసే దారులు మన ఒంట్లోనే ఉన్నాయి. సెరొటోనిన్, నోరెపినెఫ్రిన్ అనే రసాయనాలు ఆ దారుల్లో పనిచేస్తాయి. ఈ మందు వాటిని ఎక్కువసేపు నిలబెడుతుంది. దీనికి తోడు, జలుబు మాత్ర వేసుకుంటే మగత వచ్చినట్టే, హిస్టమిన్‌ని అడ్డుకోవడం వల్ల నిద్ర వస్తుంది.

అయితే నిద్ర పట్టని వాళ్ళందరూ వేసుకోవచ్చా? వేసుకోకూడదన్నారు. ఇదే జాతికి చెందిన డాక్సెపిన్ అనే మందుని 3, 6 మిల్లీగ్రాముల చిన్న మోతాదుల్లో నిద్ర కోసం అమెరికాలో 2010లో అనుమతించారు. కానీ నొప్పి ఏదీ లేకుండా నెలల తరబడి నిద్ర పట్టకపోతే ముందు చేయాల్సింది మాత్ర వేసుకోవడం కాదట. రోజూ ఒకే వేళకి లేవడం, నిద్ర వస్తేనే మంచం ఎక్కడం, నిద్ర రాదేమోనన్న భయాన్ని తగ్గించుకోవడం లాంటివి నేర్పే పద్ధతి ఒకటుంది. నిద్రలేమికి మొదటి వైద్యం అదేనన్నారు.

అలవాటైపోతుందా? మత్తుమందులాగా ఇంకా ఇంకా కావాలనిపించదు. కానీ ఒక్కసారిగా ఆపకూడదు. నిద్ర చెడుతుంది, వికారం, చికాకు వస్తాయి. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ మానాలి.

నొప్పి పూర్తిగా పోతుందా? అందరికీ పోదు. కొందరికి అసలు పనిచేయదు. పనిచేసిన వాళ్ళలో కూడా చాలామందికి తగ్గుతుంది గానీ మాయం కాదు. నాకు పదికి ఎనిమిది ఉన్న నొప్పి ఇప్పుడు మూడుకి వచ్చింది. రెండు కిలోల బరువు పెరిగాను. మలబద్ధకం ఉంది, దానికి నీళ్ళూ ఆకుకూరలూ పెంచాను. మూడు అంటే లంగా బొందు గురించి ఆలోచించకుండా రోజంతా గడపగలగడం. నాకు అది చాలు.

చివరిగా ఆవిడ కాస్త గట్టిగా చెప్పిన మాట ఒకటుంది. ఈ జాతి మాత్రలు పిల్లలకి అందకూడదు. మోతాదు మించితే గుండె లయ దెబ్బతింటుంది. చిన్నపిల్లలు కొన్ని మాత్రలు మింగినా ప్రాణం మీదికి రావచ్చు. నాకు గుండె ఝల్లుమంది. పండక్కి మా ఆడపడుచు మూడేళ్ళ మనవడు వచ్చి వారం రోజులు మా వంటింట్లోనే ఆడుకున్నాడు. వాడు వెళ్ళాక కదా నేను సీసా పెట్టింది అని లెక్క వేసుకుని ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గుతో దాచిన చోటు వేరు, పిల్లలకి అందకుండా దాచే చోటు వేరు. ఇప్పుడు మాత్రలు బీరువాలో, తాళం వేసిన అరలో ఉంటాయి. ఏం మాత్రో, ఎందుకో మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు.

ఇంకో సంగతి. నాకు తగ్గిందని తెలిసి మా తోటికోడలు, "నాకూ నడుం నొప్పే కదా, రెండు మాత్రలు ఇవ్వక్కా," అంది. తనకి నీటికాసులు, రోజూ కంట్లో చుక్కలు వేసుకుంటుంది. అలాంటివాళ్ళకి ఈ మాత్ర కంటికే ముప్పు తేవచ్చు. గుండె లయ బాగాలేనివాళ్ళకీ, మూత్రం సరిగ్గా రాని పెద్దవాళ్ళకీ కూడా జాగ్రత్త అవసరం. నేను ఇవ్వలేదు. ఒక వారం నాతో మాట్లాడలేదు. తర్వాత తనే వెళ్ళి చూపించుకుంది. తనకి రాసింది వ్యాయామాలు.

మందుల షాపు కుర్రాడి మీద నాకిప్పుడు కోపం లేదు. మొన్న వెళ్ళినప్పుడు మళ్ళీ "ఎవరికండీ?" అన్నాడు. "నాకే బాబూ, సర్పి తర్వాత వచ్చిన నరం నొప్పికి," అన్నాను. పక్కనున్న పెద్దాయన ఒకాయన, "మా ఆవిడకీ అదే బాధమ్మా, ఎవరికి చూపించారు?" అని అడిగారు. ఊరికే నిలబడి పది నిమిషాలు మాట్లాడుకున్నాం.

పాప పదో తరగతి బాగానే పాసైంది. మేము అనుకున్న మార్కులు కాదు, తను అనుకున్న మార్కులట. ఇప్పుడు ఇంటర్లో చేరింది. నాకు మోతాదు మళ్ళీ పది మిల్లీగ్రాములకి తగ్గించారు. దసరా తర్వాత మానే సంగతి చూద్దామన్నారు. రాత్రి ఎనిమిదింటికి పాప పుస్తకం ముందు నుంచి లేవకుండానే, "అమ్మా, మాత్ర వేసుకున్నావా?" అని ఇల్లంతా వినపడేలా అరుస్తుంది. "వేసుకున్నానే," అని నేనూ అంతే గట్టిగా చెబుతాను. ఆ తర్వాత అప్పుడప్పుడు నేనూ ఒక ప్రశ్న అడుగుతున్నాను. మార్కుల గురించి కాదు. "నువ్వెలా ఉన్నావే?" అని. కొన్ని రోజులు "బానే ఉన్నా" అంటుంది. కొన్ని రోజులు వచ్చి పక్కన కూర్చుంటుంది.

— ఒక పూర్వ విద్యార్థిని తల్లి, తెనాలి